మేజోడు ఎందుకు చిరుగుతుంది?

మేజోళ్ళ మీద వ్యాసమేమిటని నవ్వుకోకండి. సావనీరులో కవితలున్నాయి, కథలున్నాయి, దేశసమస్యలున్నాయి, ఈ అమ్మాయికి కాళ్ళ తొడుగులు తప్ప ఇంకేం దొరకలేదా అని మీలో కొందరైనా అనుకుంటారు. మొదట నేనూ అలాగే నవ్వాను. నేను నవ్వినందుకు ఫోనులో మా అక్క ఏడ్చింది. ఈ వ్యాసం అక్కడ మొదలైంది.

అక్క ఇంగ్లండులో ఎం.ఎస్‌సి. చదువుతోంది. క్లాసులు జరిగే రోజుల్లో విద్యార్థులు వారానికి 20 గంటలకు మించి పని చెయ్యకూడదని అక్కడి వీసా నిబంధన. ఆ 20 గంటలూ ఒక హోటలు రిసెప్షనులో నిలబడుతుంది. యూనిఫారం నల్ల స్కర్టు, తెల్ల చొక్కా, కాళ్ళకి ఒంటిరంగు మేజోళ్ళు. స్కర్టూ చొక్కా హోటలువాళ్ళే ఇస్తారు. మేజోళ్ళు మాత్రం ఎవరివి వాళ్ళే కొనుక్కోవాలి. చేరిన రెండో వారంలో ఒక సాయంత్రం మడమ దగ్గర చిన్న చిరుగు కనిపించిందట. గంట తిరిగేసరికి అది మోకాలిదాకా పాకింది. వచ్చిన అతిథులందరి ఎదుటా సూపర్‌వైజరు "ఆ కాళ్ళతో కౌంటరు దగ్గర నిలబడకు" అన్నది.

"నెలలో తొమ్మిది జతలు చిరిగాయే! ఒక వారం కూరగాయల డబ్బు వీటికే పోతోంది. నువ్వు పాలిమర్లు చదువుతున్నావుగా, ఇదేం మాయో చెప్పు. చలికి తట్టుకోవాలి, రోజంతా నిలబడితే నొక్కెయ్యకూడదు, నాలుగు రోజులు నిలవాలి. అలాంటివి అసలున్నాయా?" అని అడిగింది అక్క.

పరీక్షలో ఇలాంటి ప్రశ్న రాదు గాని, వస్తే ఎంత బాగుండునో అనిపించింది. నేను తెలుసుకున్నదంతా వరసగా చెబుతాను. విదేశాలకు వెళ్ళబోయే వాళ్ళకీ, హోటలు, విమాన ఉద్యోగాల వైపు చూసే వాళ్ళకీ పనికొస్తుంది. మిగతావాళ్ళు కాలక్షేపానికి చదువుకోండి.

ముందు కాస్త చరిత్ర

మేజోళ్ళు నేసేవి కావు, అల్లేవి. ఈ తేడా గుర్తుంచుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ఒకప్పుడు సూదులు పెట్టి చేత్తో అల్లేవారు. 1589లో ఇంగ్లండులో విలియం లీ అనే మతాచార్యుడు అల్లిక యంత్రం కనిపెట్టాడు. చేతి అల్లికతో పొట్టపోసుకునే పేదల నోటి దగ్గర కూడు పోతుందని ఎలిజబెత్ రాణి దానికి పేటెంటు ఇవ్వలేదని చెబుతారు. యంత్రాలకీ ఉపాధికీ తగాదా మన కాలంలో పుట్టిందనుకునేవాళ్ళు ఈ కథ ఒకసారి తలుచుకోవాలి.

తరవాత చాలాకాలం షోకైన మేజోడంటే పట్టు మేజోడే. అమెరికా ఆడవాళ్ళ కాళ్ళకి పట్టు జపాను నుంచి వచ్చేది. దానికి బదులు ఏమైనా తయారు చెయ్యగలమా అన్న ఆలోచనకి సమాధానం డూపాంట్ కంపెనీ పరిశోధనశాలలో దొరికింది. 1935 ఫిబ్రవరిలో వాలెస్ కెరొథర్స్ బృందం, ఒక్కొక్కదానిలో ఆరేసి కార్బన్లున్న రెండు పదార్థాలను, అంటే హెక్సామిథిలీన్ డైఅమీన్‌నూ అడిపిక్ ఆమ్లాన్నీ కలిపి, గొలుసులాంటి ఒక పెద్ద అణువును చేసింది. అదే నైలాన్ 6,6. కరిగించి సన్నటి రంధ్రాలగుండా తీసి, చల్లారాక సాగదీస్తే ఆ గొలుసులన్నీ ఒక దిక్కుకి సర్దుకుని గట్టి పోగవుతుంది. కెరొథర్స్ మాత్రం తన సరుకు అంగట్లోకి రావడం చూడలేదు. మనసు కుంగిపోయి 1937 ఏప్రిల్లో, 41 ఏళ్ళ వయసులో, ప్రాణం తీసుకున్నాడు.

నైలాన్ మేజోళ్ళు అమెరికా అంతటా 1940 మే 15న అమ్మకానికి వచ్చాయి. మొదటి ఏడాదిలోనే సుమారు 6 కోట్ల 40 లక్షల జతలు అమ్ముడుపోయాయి. ఇంతలో యుద్ధం. 1942 నుంచి నైలానంతా పారాచూట్లకీ తాళ్ళకీ వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు కాళ్ళకి రంగు పూసుకుని, మేజోటి వెనక ఉండే కుట్టులా కనబడాలని కనుబొమల పెన్సిలుతో పిక్కల మీద గీత గీసుకునేవారు. యుద్ధం ముగిశాక 1946 జూన్‌లో పిట్స్‌బర్గ్ నగరంలో 13 వేల జతల కోసం సుమారు 40 వేలమంది వరసలో నిలబడ్డారు. జుట్లు పట్టుకున్నారని కూడా పత్రికలు రాశాయి. మన రేషన్ కిరసనాయిలు క్యూలు చూసినవాళ్ళకి ఇది వింతగా తోచదు.

1959లో అమెరికాలోనే ఆలెన్ గాంట్ అనే మిల్లు యజమాని రెండు మేజోళ్ళనీ నడుముదాకా కలిపేసి ఒకే తొడుగు చేశాడు. అమెరికాలో దాన్ని పాంటీహోస్ అంటారు, ఇంగ్లండులో టైట్స్ అంటారు. 1960లలో స్కర్టులు పొట్టివయ్యేసరికి తొడదాకా వచ్చే పాత మేజోళ్ళు వెనకబడి, ఇవే ముందుకొచ్చాయి.

చిరుగు ఎందుకు పాకుతుంది?

మన చీరలో పడుగూ పేకా ఉంటాయి. ఒక పోగు తెగితే అక్కడ చిన్న కంత పడుతుంది. పక్క పోగులు దాన్ని పట్టి ఉంచుతాయి. మా మామ్మ అలాంటి కంతలకి రఫూ చేసి ఒక పట్టుచీరని ముప్ఫై ఏళ్ళు కట్టింది.

అల్లికలో అలా కాదు. ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు, దాంట్లోంచి మరొకటి, ఇలా ఒకదాని భుజం మీద ఒకటి నిలబడతాయి. ఒకటి తెగిందంటే దాన్ని ఆనుకున్నది జారుతుంది. అది జారితే తరవాతది. బియ్యం బస్తా మూతి కుట్టు చూశారుగదా? సరైన కొస పట్టుకు లాగితే చివరిదాకా చరచరా ఊడిపోతుంది. మేజోటి చిరుగూ అంతే. జారిన చోట అడ్డపోగులు మాత్రం మెట్లమెట్లుగా మిగిలిపోతాయి గనక ఇంగ్లండువాళ్ళు దాన్ని 'నిచ్చెన' అంటారు. అతికినట్టు సరిపోయిన పేరు!

సాగడమూ ఈ ఉచ్చుల వల్లే. మోకాలు వంచితే ఉచ్చు రూపం మార్చుకుంటుంది, చాస్తే మళ్ళీ మామూలవుతుంది. నేసిన గుడ్డ కాలిని ఇలా అంటిపెట్టుకోలేదు. అంటే ఏ గుణం వల్ల మేజోడు కాలికి హాయినిస్తుందో, ఆ గుణం వల్లే చిరుగు పాకుతుంది. మేజోళ్ళు త్వరగా చిరగాలని ఫ్యాక్టరీలవాళ్ళు కావాలనే నాసిగా చేస్తారని ఒక ప్రచారం ఉంది. అంతదూరం పోనక్కర్లేదు. కంటికి కనబడనంత సన్నటి పోగుని ఉచ్చుల మీద ఉచ్చులుగా నిలబెడితే, అది ఎక్కడో ఒకచోట తెగడం వింత కాదు.

డెనియరు అంటే ఏమిటి?

మేజోళ్ళ పొట్లం మీద 10, 15, 40, 80 అని ఒక అంకె ఉంటుంది. అక్క ఆ అంకెని సైజనుకుంది! అది డెనియరు. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. పట్టుపురుగు తీసే ఒంటిపోగు దాదాపు 1 డెనియరు. ధర్మవరంలోనూ పోచంపల్లిలోనూ పట్టు నేసేవాళ్ళకి ఇదేం కొత్త మాట కాదు. ముడిపట్టుని 20/22 డెనియరు అని లెక్కగట్టే కొంటారు.

15 డెనియర్ల నైలానుని ఒకే పోగుగా తీస్తే దాని మందం సుమారు 43 మైక్రాన్లు. అంటే మిల్లీమీటరులో ఇరవయ్యోవంతు కూడా లేదు. మన తలవెంట్రుకకన్న సన్నం. అలాంటి పోగు మీద మన గోళ్ళూ, కుర్చీ కోళ్ళూ, చెప్పుల అంచులూ యుద్ధం చేస్తుంటాయి.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. ఈ వ్యాసంలో అన్నిటికన్న పనికొచ్చే ముక్క ఇదే. డెనియరు తూకానికి కొలత, మందానికి కాదు. డెనియరు నాలుగింతలైతే పోగు మందం రెండింతలే అవుతుంది. బలం మాత్రం దాదాపు నాలుగింతలవుతుంది. 15 నుంచి 30కి వెళితే బలం రెట్టింపు, మందం ఒకటిన్నర రెట్లు కూడా కాదు. అంటే చూపుకి కాస్త త్యాగం చేస్తే బలం చాలా కలిసొస్తుంది. ఒక్క మెట్టు పైకెక్కినా చాలు.

20 డెనియర్ల లోపువి పలచగా, కాలు కనబడేట్టుంటాయి. వాటిని పెళ్ళిళ్ళకీ విందులకీ ఉంచుకోవాలి. 30, 40 మధ్యరకం. రోజూ తొడుక్కునే ఉద్యోగానికి ఇక్కడ మొదలుపెట్టాలి. 60, 80 అయితే కాలు దాదాపు కనబడదు, చలికి మంచివి. 100 దాటినవీ, ఉన్ని కలిపినవీ, లోపల నూగుతో వచ్చేవీ గట్టి చలికాలానికి.

నొక్కకుండా నిలవాలంటే

డెనియరు తరవాత లైక్రా సంగతి. 1958లో డూపాంట్‌లోనే జోసెఫ్ షివర్స్ కనిపెట్టిన సాగుడు పోగు ఇది. అసలు పొడవుకి అయిదారింతలు సాగి మళ్ళీ వెనక్కి వస్తుంది. ఉత్త నైలాన్ మేజోళ్ళు సాయంత్రానికి మోకాళ్ళ దగ్గరా చీలమండల దగ్గరా సంచుల్లా వేలాడతాయి. లైక్రా ఉంటే వేలాడవు. కొన్నిటిలో వరస విడిచి వరసకి మాత్రమే లైక్రా వేస్తారు, మంచివాటిలో ప్రతి వరసలోనూ వేస్తారు. కొట్లో చెయ్యి దూర్చి వేళ్ళు చాపి చూడండి. అంతటా సమానంగా సాగి, చెయ్యి తియ్యగానే ముడుచుకుంటే అది మంచి సరుకు.

రెండోది సైజు. పొట్లం వెనక ఎత్తూ బరువూ పట్టిక ఉంటుంది. మీరు రెండు గళ్ళ మధ్య పడితే పెద్దదే తీసుకోండి. చిన్న సైజు తొడిగితే ప్రతి ఉచ్చూ ముందే చివరిదాకా సాగి ఉంటుంది. ఇక మోకాలు వంచితే అది ఎక్కడికి పోతుంది? తెగుతుంది. నడుం దగ్గర కోత, పొట్టలో నొప్పి దానికి అదనం. అక్క పొదుపని అన్నిటికన్న చౌకరకం, అందులోనూ చిన్న సైజు కొన్నది. తొమ్మిది జతల్లో సగం అలా పోయాయి.

మూడోది, వేళ్ళ దగ్గరా మడమ దగ్గరా మందంగా అల్లి ఉందా, రెండు కాళ్ళూ కలిసేచోట విడిగా నూలు ముక్క వేసి కుట్టారా అని చూసుకోవాలి. నైలాన్ తడిని పెద్దగా పీల్చుకోదు. నూలు దానికి దాదాపు రెండింతలు పీలుస్తుంది. ఆ నూలు ముక్క లేకపోతే చెమట పట్టి ఒరుసుకుపోతుంది. మన వేసవిలో నైలాన్ తొడుక్కుని రోజంతా తిరగమని నేను శత్రువుకి కూడా చెప్పను.

తొడదగ్గర రబ్బరుపట్టీతో నిలబడే రకం కూడా ఉంది. అవి తొడుక్కునే రోజున కాళ్ళకి కొబ్బరినూనె రాసుకున్నారో, నడిరోడ్డు మీద జారి చీలమండల దగ్గరికి వచ్చేస్తాయి!

ఒంటిరంగు ఎవరి ఒంటిరంగు?

ఇది రసాయనశాస్త్రం కాదు, అయినా చెప్పాలి. అక్క కొన్న పొట్లం మీద 'ఒంటిరంగు' అనే రాసి ఉంది. తొడుక్కుంటే కాళ్ళు సున్నం కొట్టినట్టున్నాయి. ఒంటిరంగు అంటే చాలాకాలం ఆ కంపెనీల లెక్కలో తెల్లవాళ్ళ ఒంటిరంగే. నల్లవాళ్ళకీ చామనఛాయ వాళ్ళకీ కూడా వాళ్ళ రంగుల్లో మేజోళ్ళూ లోదుస్తులూ కావాలని 2014లో లండనులో నూబియన్ స్కిన్ అనే సంస్థ మొదలైంది. ఆ తరవాత మిగతావాళ్ళూ రంగులు పెంచారు. ఇప్పుడు వెతికితే మన ఛాయ దొరుకుతుంది. వెతకాలి, అంతే. అక్క నాలుగు కొట్లు తిరిగి సంపాదించింది.

తొడగడం, ఉతకడం

తొమ్మిదిలో మిగతా సగం ఎందుకు చిరిగాయో అక్కే కనిపెట్టింది. చిరుగు ప్రతిసారీ ఎడమ చీలమండ దగ్గరే మొదలవుతోందట. మామ్మ ఇచ్చిన వెండి పట్టీల కొక్కెం అక్కడ వస్తుంది! మన ఆడపిల్లల కాళ్ళకి పట్టీలూ మెట్టెలూ ఉంటాయని ఆ పొట్లం మీద సూచనలు రాసినవాళ్ళకి తెలియదుగదా. ఇప్పుడు పనికి వెళ్ళేప్పుడు తీసి పర్సులో పెట్టుకుంటోంది. మామ్మకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

తొడుక్కునేప్పుడు ఉంగరాలు తియ్యాలి. గోళ్ళు నునుపు చేసుకోవాలి, మడమలు పగిలి ఉంటే ముందురోజు రాత్రే ఏదైనా రాసుకోవాలి. నిలబడి లాగకూడదు. కూర్చుని, రెండు బొటనవేళ్ళతో కొసదాకా చుట్టలా మడిచి, వేళ్ళకి తొడిగి, కొద్దికొద్దిగా పైకి వదలాలి. చిరుగు మొదలైతే దాని రెండు కొసల్లోనూ రంగులేని గోళ్ళరంగు ఒక్కొక్క చుక్క వేసి ఆరనివ్వాలి. అది జారే ఉచ్చుని అతికి ఆపుతుంది. ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు ఆ సీసా ఒకటీ, అదనపు జత ఒకటీ సంచిలో ఉంచుకోవడం మంచిది.

ఉతకడానికి గోరువెచ్చటి నీళ్ళు, తేలికపాటి సబ్బు చాలు. బ్లీచింగు తగలకూడదు. నైలానుకీ లైక్రాకీ రెంటికీ అది విషం. పిండకుండా తువ్వాలులో పెట్టి ఒత్తి నీడన ఆరెయ్యాలి. ఎండ కూడా నైలానుని నెమ్మదిగా తినేస్తుంది. యంత్రంలో వెయ్యక తప్పకపోతే వలసంచిలో కట్టి వెయ్యాలి. తొడుక్కునేముందు ఒకరాత్రి ఐసుపెట్టెలో పెడితే గట్టిపడతాయని అక్క స్నేహితురాలు చెప్పిందట. అది శాస్త్రానికి నిలవదు. చల్లబడినంతసేపు పోగు గుణం మారినా, బయటికి తీశాక మళ్ళీ మామూలే.

ఇంకొక పాత చిట్కా ఉంది. ఎప్పుడూ ఒకే రంగు, ఒకే రకం కొనాలి. విడివిడి మేజోళ్ళయితే ఒకటి చిరిగినా రెండోది ఇంకో జతలో కలుస్తుంది. నడుముదాకా ఉండే రకమైతే, రెండు జతల్లో ఒక్కొక్క కాలు చిరిగినప్పుడు చిరిగిన కాళ్ళు కత్తిరించేసి, మిగిలిన రెంటినీ ఒకదాని మీద ఒకటి తొడుక్కోవచ్చు. నడుం దగ్గర రెండు పొరలవుతాయి, చలిదేశంలో అదీ లాభమే!

చివరికి ఏమైంది?

అక్క ఈసారి 40 డెనియర్లవి, లైక్రా ఉన్నవి, సరైన సైజులో మూడు జతలు కొన్నది. మొదటివాటికన్న జతకి రెండింతల పైనే అయింది. ఆ మూడు జతలే మార్చి మార్చి తొడుక్కుంటే రెండున్నర నెలలు వచ్చాయి. మొదటి నెలలో తొమ్మిది జతలు పోయినదాంతో పోల్చి లెక్క మీరే వేసుకోండి. చౌకగా వచ్చిందని కొన్నదే అన్నిటికన్న ఖరీదైపోయింది.

అయితే నేను నేర్చుకున్న రెండో పాఠం లెక్కల్లోది కాదు. 2015 డిసెంబరులో లండనులో ఒక రిసెప్షనిస్టుని ఎత్తుమడమల చెప్పులు వేసుకురాలేదని జీతం లేకుండా ఇంటికి పంపేశారు. ఆమె ఊరుకోలేదు. ఆమె పెట్టిన అర్జీ మీద లక్షా యాభై వేల మందికి పైగా సంతకాలు చేశారు. 2017 మార్చిలో పార్లమెంటు దానిమీద చర్చించింది. 2018లో ప్రభుత్వం ఉద్యోగుల దుస్తుల గురించి మార్గదర్శకాలు ప్రకటించింది. ఆడవాళ్ళకి మాత్రమే ప్రత్యేకించి ఇలాంటివి విధించడం తగదని వాటి సారాంశం. నేను అవి చదివి అక్కకి పంపాను.

అక్క వాటిని పట్టుకుని పోట్లాటకేం పోలేదు. మేనేజరుగారి దగ్గర కూర్చుని మర్యాదగా రెండు ప్రశ్నలు అడిగింది. "ఒంటిరంగువే ఎందుకు? నల్లవి, కాస్త మందంగా ఉన్నవి తొడుక్కుంటే అతిథులకేం నష్టం?" అని ఒకటి. "మగవాళ్ళలా మేమూ ట్రౌజరు వేసుకోవచ్చా?" అని రెండోది. మొదటిదానికి ఆయన అక్కడికక్కడే సరేనన్నారు. అసలు రూలు పుస్తకంలో రంగు మాటే లేదట! రెండోది కొత్త యూనిఫారాలు కుట్టించేటప్పుడు చూద్దామన్నారు. అడిగినదాకా ఎవరూ ఆ పుస్తకం తెరిచి చూడలేదన్నమాట.

కాబట్టి మిత్రులారా, సన్నదనమూ గట్టిదనమూ ఒకే మేజోటిలో పూర్తిగా ఇమడవు. ఎంత సన్నం కావాలో, ఎన్నాళ్ళు నిలవాలో తొడుక్కునేవాళ్ళే తేల్చుకోవాలి. తేల్చుకోవాలంటే పొట్లం మీది అంకె అర్థం తెలియాలి. ఆ తేల్చుకునే హక్కు మన చేతిలో లేకుండా ఇంకొకళ్ళ రూలులో ఉందంటే, ముందు ఆ రూలేమిటో చదవాలి.

మొన్న అక్క మళ్ళీ ఫోను చేసింది. ఈసారి ఏడవలేదు. "ఒసే, ఇవాళ సూపర్‌వైజరు వచ్చి నీ మేజోళ్ళు ఏ కొట్లో కొన్నావని అడిగిందే!" అన్నది.

"ఏం చెప్పావు?" అన్నాను.

"కొట్టు పేరు చెప్పాను. ముందు డెనియరు అంటే ఏమిటో చెప్పాననుకో!"